యాదగిరి సార్ పంపిన ఆఖరి ప్యాచ్

నిన్న పొద్దున ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతుంటే ఫోన్. యాదగిరి సార్ ఇక లేరట. గుండెపోటు.

కట్ చేసి, మళ్లీ నేనే చేశాను. తప్పుగా విన్నానేమోనని.

తప్పుగా వినలేదు.

మీలో చాలామందికి సార్ తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మాకు కెర్నెల్ ప్రోగ్రామింగ్ చెప్పారు. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటే అడుగున నడిచే కోడ్. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసే కెర్నెల్ ఒకటుంది. అందులో సార్ ఒక్క లైన్ కొత్త కోడ్ కూడా రాయలేదు.

కోడ్ పైన, అదేం చేస్తుందో మనుషులకు చెప్పే కామెంట్లు రాస్తారు కదా. కోడ్ మారుతుంది, కామెంట్ పాతదే ఉండిపోతుంది. అలాంటివి వెతికి, సరిచేసి, ప్యాచ్‌గా, అంటే చిన్న సవరణగా, పంపడమే ఆయన పని. దానికి జీతం లేదు, పేరు లేదు.

"ఎవరు చదువుతారు సార్ అవన్నీ?" అని ఒకసారి నవ్వాను కూడా.

"కొత్తగ ఒచ్చినోళ్లు చదువుతరు బిడ్డా. ఆళ్లకు గదే దిక్కు."

ఉద్యోగంలో చేరాక అర్థమైంది. మా ఆఫీసు కూడా ఆ కెర్నెల్‌కే కోడ్ రాసి పంపుతుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒకమ్మాయి నేను రాసిన ఒక ఫంక్షన్‌ను, అంటే ఒక కోడ్ ముక్కను, తన కోడ్‌లో వాడింది. మెషిన్ హ్యాంగ్. మూడు రోజులు తలలు పట్టుకున్నాం. తప్పు ఆ అమ్మాయిదేనని అందరి ముందూ అనేశాను. ఆదివారం సార్ దగ్గరికి పరుగెత్తాను.

కామెంట్ నన్ను పైకి చదవమన్నారు. కోడ్ ఆయన చదివారు. ఒక లైన్ నేను, ఒక లైన్ ఆయన. ఒకటో క్లాసు పిల్లల్లా ఇదేంటని నాకు సిగ్గేసింది.

"దీన్ని పిలిచే ముందు లాక్ తీసుకోవాలి" అని చదివాను.

సార్ ఆగిపోయారు.

లాక్ అంటే ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళం. కోడ్‌లో దాన్ని ఫంక్షనే తీసుకుంటోంది. ముందు వారం నేనే అలా మార్చాను. కామెంట్ వదిలేశాను. పాపం, ఆ అమ్మాయి అది నమ్మి ముందే లాక్ తీసుకుంది. తన దగ్గరే ఉన్న లాక్ కోసం మెషిన్ ఎదురుచూస్తూ నిలిచిపోయింది.

"ఆ పిల్ల తప్పేం లేదు. నువ్వు రాసింది నమ్మింది, గంతే. పోయి సారీ చెప్పు ముందుగాల."

చెప్పాను. ఇంకెప్పుడూ ఇలా చేయనని సార్‌కు మాట కూడా ఇచ్చాను.

నిన్న కొత్తపేటలో వాళ్లింటికి వెళ్లాను. జనం పలచబడ్డాక సార్ భార్య, మా ఆంటీ, ఆయన లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"రెండు నెలల సంది లేస్తే గిదే చూస్తుండె బిడ్డా, జవాబు ఒచ్చిందా అని. ఇయ్యాల ఒచ్చినట్టుంది. ఏం రాసిన్రో జర చూడు."

సార్ ఆఖరి ప్యాచ్‌కు జవాబు. రెండే లైన్లు. ఈలోగా అక్కడి కోడ్ మారిపోయింది, మీ ప్యాచ్ సరిపోవడం లేదు, కొత్తగా చేసి పంపండి అని.

ఎవరు మార్చారా అని చూశాను.

నేనే. పోయిన నెల. కామెంట్ ముట్టుకోకుండా.

"ఏమన్నరు?" అని ఆంటీ అడిగారు.

"తీసుకున్నారు ఆంటీ" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, "మంచిగైంది" అన్నారు.

దయచేసి ఈ పోస్ట్ ఎవరూ ఆంటీకి చూపించకండి.

ఆ ఒక్కటీ నేను సరిచేసి పంపుతాను. మిగిలిన పాత కామెంట్లు? నిజం చెప్పాలంటే మా ఆఫీసులో ఎవరూ చదవరు. నేనూ చదవను. ఇది వెళ్లేలోపు ఇంకోచోట ఇంకెవరో మార్చేసి ఉంటారు. ఆగి చదివే మనిషి నాకు తెలిసి ఒక్కరే, ఆయనా పోయారు.

క్షమించండి సార్. ఇక మీరు ఏదీ సరిచూడక్కర్లేదు. హాయిగా నిద్రపోండి.