తడవని చొక్కా

మా నాయన చెయ్యి వణకడం మొదలైన ఏడే వానలు కూడా మానుకున్నాయి. రెండింటికీ సంబంధం లేదని తెలుసు. అయినా నా జ్ఞాపకంలో రెండూ ఒకేసారి ఇంట్లోకి వచ్చి కూర్చున్నాయి.

మాది దూదేకులోళ్ల ఇల్లు. బత్తలపల్లెకు కొంచెం ఇవతల ఉండేవాళ్లం. నాయన పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. నన్ను బడికి పంపలేదు. దూది ఏకిన సాయంత్రం నేలంతా పరుచుకున్న తెల్లటి నూగులో నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించినాడు. నాకొచ్చిన చదువంతా ఆ చెయ్యి పెట్టిన భిక్షే. అమ్మ పోయినాక ఇంట్లో ఆడదిక్కు నేనే.

ఆ చెయ్యే ఇప్పుడు ఊరికే ఉన్నా వణికేది. చెంబు ఎత్తితే సగం నీళ్లు మోకాళ్ల మీదే. చిత్రావతి ఏటి ఇసుకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడి నేను తెచ్చే నీళ్లవి. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోబోయి అవి ఒలకబోసినప్పుడల్లా నాయన నా మొహం చూసేవాడు కాదు. ఒకరోజు చెంబు పక్కన పెట్టేసి మట్టి తాకి ముఖాన రాసుకున్నాడు. నీళ్లు దొరకనివాళ్లకు అట్లా చేసుకునే వీలుంది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన వజూ మట్టితోనే జరిగింది. రంజాను ఒక్కపొద్దులు కూడా వదిలేసినాడు, జబ్బు మనిషికి అవి లేవు గనక.

అన్న అనంతపురంలో రసాయనశాస్త్రం చదువుకుని, కాలేజీ ప్రయోగశాలలోనే పనికి కుదిరినాడు. మెదడుకు పనిచేసే మందుల మీద అతని పరిశోధన. మద్రాసులో ఒక పెద్దాయన దారి చూపించేవాడు. ఎండాకాలం సెలవుల్లో కాలేజీ కొళాయిలు ఎండిపోతే, సామాను మూటగట్టుకుని ఇంటికొచ్చి, దూది నిలవబెట్టే కొట్టంలో దుకాణం పెట్టినాడు.

మేకలు కూడా ముట్టని ఉమ్మెత్తకాయలు నేను ఏరుకొచ్చేదాన్ని. గింజల్లోని సారం తీసి, దానికి ఒక కొమ్మ నరికి వేరే కొమ్మ అంటుగట్టినట్లు ఏదో చేసేవాడు. పంపు స్టవ్వు మీద మరిగించేటప్పుడు గాజుగొట్టం చుట్టూ చల్లటి నీళ్లు పారుతూనే ఉండాలి. పారే నీళ్లు మాకెక్కడివి? అటక మీద ఒక కుండ, కింద ఒక కుండ, మధ్యలో రబ్బరు గొట్టం. కింది కుండ నిండగానే ఎత్తి పైకుండలో పోసేది నేను. ఆ నీళ్లు ఇంకదేనికీ ముట్టుకోకూడదు.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏమ్మే, మీ అన్న సారాయి కాస్తాండాడా? పోలీసోళ్లొస్తే మా ఇంటి పక్కకు చూపించొద్దు తల్లీ" అనేది.

నాయన మంచంలోంచే అందుకునేవాడు. "సారాయైతే నీ మొగుడు ఈపాటికి గోడ దూకి వచ్చుండునులే!"

తాను చేసేదేమిటో అన్న మాకు ఒకసారి విడమరిచి చెప్పినాడు. "మెదడులో ఎద్దుల్ని కట్టే గూటాల మాదిరి గూటాలుంటాయి నాయనా. మేం గ్రాహకాలంటాం. కబురు వచ్చి గూటానికి కట్టుకుంటేనే చెయ్యి కదులుతాది. నీకు ఒక రకం కబుర్లు మందలు మందలుగా వచ్చి పడతాండాయి. నా మందు ముందే పోయి గూటం కాడ నిలబడుకుంటే, వచ్చిన ఎద్దుకు చోటుండదు."

"అంటే నీ మందు సోమరి ఎద్దా? దున్నదు, జరగదు?"

"అంతే నాయనా."

"అట్లాటోళ్లు ఈ ఊర్లోనే శానామంది ఉండారు కదరా. వాళ్లను అరగదీసి పోసేదానికి మద్రాసు చదువెందుకు?"

అన్న నవ్వి, అసలు చిక్కు చెప్పినాడు. అవే గూటాలు నోట్లోనూ ఉన్నాయి. మెదడుకని ఇచ్చిన మందు అక్కడా నిలబడితే ఉమ్మి ఊరదు. మెదడు గూటాలకే పోయి నోటిని వదిలేసే మందు చెయ్యాలన్నదే అతని పట్టుదల. చేసిన ప్రతి రకాన్నీ ముందు మేక మీద, తర్వాత తన మీదే చూసుకునేవాడు. మందు మింగిన గంటకు చిటికెడు పుట్నాల పొడి నాలుక మీద వేసుకునేవాడు, నేను వంద లెక్కపెట్టేదాన్ని. ఆలోగా పొడి ముద్దయితే నోరు తడిగా ఉన్నట్లు. దగ్గొచ్చి పొడి బయటికి ఎగిరితే ఆ మందు పనికిరానట్లు. ఎన్నోసార్లు ఎగిరింది. చివరికి ఒక రకానికి ముద్దయింది.

దాన్ని మద్రాసు పెద్దాయనకు చూపించకుండా ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాడు అన్న. నాయన వినలేదు. "మేక మీద చూస్తివి, నీ మీద చూస్తివి. వణికేది మేకకా, నీకా?"

రోజుకు మూడు పొట్లాలు. మధ్యాహ్నం తిండికి ముందు పుట్నాల పొడి. అది ముద్ద కాకపోతే వెంటనే మందు ఆపేయాలి. తొమ్మిదోనాటి పొద్దున నాయన చెంబు ఎత్తినాడు. కుడిచేత్తో నీళ్లు వంచి ఎడమచెయ్యి కడుక్కున్నాడు, మొహం, మోచేతులు, పాదాలు కడుక్కున్నాడు. కింద తడిసిన నేల అరచేయంత కూడా లేదు. నేను గడప పట్టుకుని ఏడ్చినాను. అంత సంతోషం నాకు మళ్లీ దొరకలేదు.

ఆ సంగతి చెప్పడానికే అన్న మద్రాసు రైలెక్కినాడు. పోతూ నోటుబుక్కు నా చేతికిచ్చి, "రోజూ నోరు చూసి రాయి. మరిచిపోవద్దు" అన్నాడు. ఆ మరునాడే రంజాను నెలవంక కనపడింది.

"రేపట్నుంచి ఒక్కపొద్దుంటా" అన్నాడు నాయన.

"అన్నను అడగొద్దా?"

"చెయ్యి వణికిందని నాలుగేళ్లు వదిలేస్తినే. ఇప్పుడు బాగైంది. అల్లాను ఏ మొహం పెట్టుకుని సాకు అడగాల?"

నాకు ఆ మాట నచ్చింది. మేలు చేసినవాడికి కృతజ్ఞత చూపకపోతే ఎట్లా అనుకున్నాను. మధ్యాహ్నం పొట్లం కుదరదు గనక తెల్లవారుజాము పొట్లంలో కలిపేసినాను. ఆ పని నన్నెవరూ చెయ్యమనలేదు.

ఒక్కపొద్దులో పుట్నాల పొడి నాలుక మీద ఎట్లా వేస్తాం? పొద్దు మునిగి నీళ్లు తాగినాక వేస్తే ఎవరి నోరైనా తడిగానే ఉంటుంది. అందుకని మధ్యాహ్నం పూట అడిగేదాన్ని. "నాయనా, నోరెట్లుండాది?"

"ఎండింది. ఒక్కపొద్దుంటే ఎండక ఊరుతాదా?"

నా నోరూ ఎండే ఉండేది. ఊరందరి నోళ్లూ ఎండే ఉండేవి. బుక్కులో రాసినాను: నోరెండింది, ఒక్కపొద్దు. మరునాడూ అదే. పదిరోజులు అదే రాసినాను.

ఇంకొకటి కూడా చూసినాను గానీ రాయలేదు. నిప్పులు చెరిగే ఆ ఎండల్లో అందరి చొక్కాలూ వీపుకు అంటుకుపోతుంటే నాయన చొక్కా ఉతికి ఆరేసినట్లే ఉండేది. చెమట పట్టక హాయిగా ఉన్నాడు, అల్లా దయ, అని మొక్కుకున్నాను.

పదకొండోనాడు మిట్టమధ్యాహ్నం నాయన మంచంలో కూర్చుని గాలిలోంచి ఏదో ఏరుతున్నాడు. చెయ్యి వణకడం లేదు. రెండువేళ్లతో ఒడుపుగా పట్టి, పక్కన కుప్ప పోస్తున్నాడు.

"ఏం చేస్తాండావు నాయనా?"

"దూది ఎగిరిపోతాంది. నిలబడి చూస్తావేందే, పట్టుకో."

మొహం కుంకుమరంగు. కంట్లో నల్లపాప విచ్చుకుని గుడ్డంతా తానే అయింది. ఒళ్లు ముట్టుకుంటే రొట్టెలు కాల్చే పెనం, చెమటన్నది లేదు. చెంబు నోటికందిస్తే పెదాలు బిగించుకున్నాడు. "పొద్దు మునగలే."

"జబ్బు మనిషికి మాఫీ ఉండాది నాయనా, తాగు."

"నాకేం జబ్బు? చెయ్యి చూడు."

చెయ్యి చాపి చూపించినాడు. నిజంగానే రాయిలాగా నిలబడింది. ఆ మాటతో నేను కాసేపు ఆగిపోయినాను. బలవంతంగా నీళ్లు పోద్దామా, పోస్తే పాపమా అని. ఎంతసేపు ఆగినానో అల్లాకు తెలుసు. తర్వాత కొట్టంలోకి ఉరికి, ముట్టుకోకూడదన్న కుండల్లో దుప్పటి ముంచి తెచ్చి కప్పినాను. దుప్పటి ఆరిపోయేది, మళ్లీ ముంచేదాన్ని. పక్కింటామె వచ్చి విసిరింది. సాయంకాలం నమాజు వేళకు ఆ చేతులు దూది ఏరడం మానేసినాయి.

కుండల్లో మిగిలిన నీళ్లతోనే మగవాళ్లు ఆయనకు కడసారి స్నానం చేయించినారు. చెలమ దాకా పోయే పని లేకపోయింది.

తంతి అందుకుని అన్న మూడోనాడు దిగినాడు. ఏడవలేదు. కొట్టంలో కూర్చుని నోటుబుక్కు తిప్పినాడు. నాయన దిద్దించిన గుండ్రటి అక్షరాల్లో ఒక్కపొద్దు, ఒక్కపొద్దు అని పది చోట్ల. ఒకటే అడిగినాడు.

"చెమట పట్టేదా?"

"లేదు. చొక్కా ఒక్కనాడూ తడవలే. అల్లా దయ అనుకున్నా."

బుక్కు మూసి అన్నాడు: "చర్మం కింద చెమట పుట్టేకాడ కూడా అవే గూటాలుంటాయి. నేను నీకు చెప్పలే. నోరే ముందు చెప్తాదిలే అనుకున్నా."

"పొట్లాలు కలిపింది నేనన్నా. ఒక్కపొద్దుంటానంటే వద్దననిదీ నేనే."

"నువ్వు నాయనకు కూతురువి. నేను మందు చేసినోణ్ణి" అని బుక్కు కాల్చడానికి స్టవ్వు దగ్గరికి తీసుకుపోయినాడు. నేను లాక్కున్నాను. ప్రతి 'ఒక్కపొద్దు' మీదా గీత కొట్టి 'మందు' అని రాసినాను. పొట్లాలు కలిపిన సంగతీ, తడవని చొక్కా సంగతీ చివరి పేజీలో రాసి అతని ముందు పెట్టినాను. ఆ పేజీలు అట్లాగే మద్రాసుకు పోయినాయి. ఆ మందును అన్న మళ్లీ చెయ్యలేదు. పై పదేళ్లలో మెదడుకు పనిచేసే మందులే ఇంకెన్నో చేసినాడు, మద్రాసులోనే. ఇంట్లో మాత్రం పుట్నాల పొడి తినేవాడు కాదు.

ఆ పొద్దున నాయన ఒలకకుండా చేసుకున్న వజూకు నేటికీ అల్లాకు షుకర్ చెప్పుకుంటాను. మా బంధువుల్లో ముసలివాళ్లెవరైనా వణుకు మందు మింగుతున్నారంటే, ఎండాకాలం వాళ్లింటికి పోయినప్పుడు కుశలం అడగకముందే వీపు మీద చెయ్యి వేస్తాను. "ఏందమ్మా, గుర్రాన్ని నిమిరినట్ల నిమురుతాండావు?" అని నవ్వుతారు. అరచేతికి చొక్కా తడి తగిలినాకే కూర్చుంటాను.