దుమ్ము లేని వాకిలి

మా వీధిలో దుమ్ము భయపడే మనిషి ఒక్కతే ఉంది. ఫినాయిలత్త. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. ఆసుపత్రి లాండ్రీలో పని. పెద్ద పెద్ద గంగాళాల్లో దుప్పట్లు ఉడకబెట్టడం, ఉతకడం, ఆరేయడం. ఏళ్ల తరబడి రోగుల నెత్తురూ చీమూ వదలగొట్టీ వదలగొట్టీ, ఉడకబెడితే పోని పాపం లోకంలో లేదని ఆవిడకి గట్టి నమ్మకం.

వాళ్లింటికి వెళ్తే గుమ్మంలోనే ఆపేది.

"కాళ్లు కడిగావా?"

"కడిగానత్తా."

"సబ్బుతోనా?"

వరసకి నాకేమీ కాదు, పక్కింటి అత్త అంతే. నన్ను కోతి అని పిలిచేది. కానీ నాకు జ్వరమొచ్చి పడుకుంటే రెండు పూటలా గంజి కాచి తెచ్చింది. చెంచా కూడా ఉడకబెట్టి తెచ్చింది. నోరు కాలి జ్వరం సంగతే మర్చిపోయాను.

మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా దొరసాని. అంటే కోడిపెట్ట. ఇటుకరంగు ఒళ్లు, ఎర్రటి జుట్టు, నడకలో మహా టెక్కు. అత్త పనినుంచి రాగానే గేటు దాకా పరిగెత్తుకొచ్చి చీర కుచ్చిళ్లు పొడిచేది. "ఆగవే, ఆగవే, ఊపిరి తీసుకోనీ" అని అత్త విసుక్కునేది. ఆ విసుగులో ఎంత మురిపెం ఉండేదో!

దొరసాని మట్టి కెలికి గోతులు తీస్తోందని పోయిన ఎండాకాలం మేస్త్రీని పిలిచి వాకిలంతా సిమెంటు చేయించింది. అద్దంలా తయారైంది. నేను దాని మీద జారి వెల్లకిలా పడితే, "గచ్చుకేం కాలేదు కదా?" అని అడిగింది మహాతల్లి.

ఎదురింట్లో టైలరమ్మ. ఆవిడ కూతురు ఏడేళ్ల బుడత, రెండు జడలేసుకుని తిరిగేది. జడపిల్ల అనేవాళ్లం. బడికెళ్లే పిల్లలందరికీ ఉన్నట్టే దాని తలలోనూ పేలు. ఒక చేత్తో పలక పట్టుకుంటే రెండో చెయ్యి బుర్రలోనే. తరగతిలో దురదకి నిలకడగా కూర్చోలేదని టీచరు వెనక బెంచీకి పంపేసింది.

సాయంత్రమయ్యేసరికి ఫినాయిలత్త గేటు దగ్గర హాజరు. "అత్తా, దొరసానిని తిప్పుకొస్తా!" కోడిని చంకలో ఇరికించుకుని, పక్కన కట్టడం ఆగిపోయిన ఇంటి ముందున్న మట్టిదిబ్బ దగ్గరికి పోయేది. అక్కడ దొరసాని దొరతనం మొత్తం పోయేది. పక్కకి ఒరిగి, రెక్క విప్పి, కాళ్లతో మట్టి ఎగజిమ్ముకుని, కళ్లు మూసుకుని పొర్లేది. లేచి ఒక్క దులుపు దులిపితే జడపిల్ల మొహం నిండా దుమ్ము. అది కిలకిలా నవ్వేది. తిరిగొచ్చాక అత్త లబోదిబోమని కోడినంతా తడిగుడ్డతో తుడిచేది.

కొన్నాళ్లకి దొరసాని గుడ్లు పొదగడానికి కూర్చుంది. బుట్టలో గడ్డి, గడ్డిలో గుడ్లు, పైన మహారాణి. అత్త ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది, మా ఇంట్లో పిల్లలు పుడుతున్నారని. తిరగడం లేదు కాబట్టి మట్టిదిబ్బా లేదు. జడపిల్ల వచ్చి బుట్ట పక్కనే కూర్చుని కబుర్లు చెప్పిపోయేది.

ఒకరోజు అత్త దొరసానికి నూకలు పెట్టబోతే ముంజేతి మీద ఏదో పాకింది. చూస్తే పేను. ఈకలు విడదీసి చూస్తే ఇంకా ఉన్నాయి. తలెత్తేసరికి ఎదురుగా జడపిల్ల, బుర్ర గోక్కుంటూ.

ఇంకేముంది, అత్త నడివీధిలోకి వచ్చేసింది.

"ఏవమ్మా టైలరమ్మా! మీ పిల్ల తలలో పేలన్నీ మా కోడికెక్కించింది! కూతురికి తల దువ్వే తీరిక లేదుగానీ ఊళ్లోవాళ్ల జాకెట్లు కుడతావా?"

కిటికీలన్నీ టపటపా తెరుచుకున్నాయి. నేను నవ్వించి చల్లబరుద్దామని చూశాను. "అత్తా, దాని పేలు కోడికెక్కితే, కోడి ఈకలు దానికి మొలవాలి కదా?"

"నోర్ముయ్ కోతీ!"

పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఆ ఒక్క పేను మా వీధి మొత్తం కొరికింది. మర్నాడే ఇద్దరు వచ్చి కుట్టడానికిచ్చిన బట్టలు వెనక్కి పట్టుకెళ్లారు. పేలున్న ఇంట్లో ఎందుకొచ్చిన గొడవ అన్నారు. టైలరమ్మ లెక్కపెట్టి ఇచ్చేసింది. బట్టలు కత్తిరించే కత్తెరతోనే పిల్ల జడలు రెండూ కత్తిరించేసింది. మిగతాది మంగలి చూసుకున్నాడు.

జడపిల్ల గుండుకి తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. బడికి వెళ్లనంది. నన్ను పిలిచి రహస్యంగా అడిగింది, "అన్నా, ఇప్పుడు నాకు పేల్లేవుగా. దొరసానిని ముట్టుకోవచ్చా?"

"అత్తనడుగు" అన్నాను.

వెళ్లింది. అత్త చేతిలో ఫినాయిల్ సీసా ఉంది, బుట్ట తుడుస్తోంది. వెనక్కి తిరగలేదు కూడా. "ఇప్పుడొద్దు. పో, ఇంటికి పో."

జడపిల్ల తువ్వాలు సర్దుకుని వెళ్లిపోయింది.

పిల్ల రావడం మానేసింది, పేలు మానలేదు. దొరసాని జుట్టు పాలిపోయింది. గింజ ముట్టడం లేదు, గుడ్ల మీంచి లేవడం లేదు. "ఎంత తల్లి ప్రేమరా దీనికి!" అని అత్త మురిసింది. ఇంకో రోజుకి ఆ మురిపెం పోయి నా తలుపు కొట్టింది. "బండి తియ్యరా."

పశువుల డాక్టరు దొరసానిని బల్ల మీద పడుకోబెట్టి తోక కింద ఈకలు విడదీశాడు. ఈకల మొదళ్లకి ఈర్లు గుత్తులు గుత్తులుగా అంటుకుని ఉన్నాయి. చర్మం ఎర్రగా పుండైపోయింది.

"ఒక పిల్ల తలలోంచి ఎక్కాయండీ" అంది అత్త.

"మనిషి పేను కోడి మీద బతకదమ్మా. ఇవి కోడి పేలు. ఒకటీ అరా ప్రతి కోడికీ ఉంటాయి. మట్టిలో పొర్లి వదిలించుకుంటాయి. మీది ఎక్కడ పొర్లుతుంది?"

"మట్టా? మా వాకిట్లో చిటికెడు దుమ్ము కూడా దొరకదండీ."

అలవాటుకొద్దీ గొప్పగానే మొదలుపెట్టింది ఆ మాట. చివరికొచ్చేసరికి గొంతు సన్నబడిపోయింది.

పొడి రాసిచ్చాడు గానీ చాలా నీరసించిందన్నాడు. ఫినాయిల్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దన్నాడు. బండి మీద అత్త బుట్టని ఒళ్లో పెట్టుకుంది. సగం దారిలో అడిగింది.

"ఆ పిల్ల రోజూ దీన్ని మట్టిదిబ్బకి తీసుకెళ్లేది కదరా?"

"అవునత్తా."

"నేనేమో వచ్చాక తుడిచేసేదాన్ని."

గతుకులకి బుట్ట కదలకుండా బండి మెల్లగా పోనిచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం దొరసాని గుడ్ల మీదే పోయింది. కునుకు తీస్తోందనుకుని అత్త చాలాసేపు చప్పుడు చేయకుండా తిరిగింది. గుడ్లు ఒక్కటీ పిల్లవలేదు.

ఆ సాయంత్రమే టైలరమ్మ ఇంటికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మిషను ఆగలేదు.

"వదినా, తప్పు నాది. అవి మీ పిల్ల పేలు కావు."

"అది నడివీధిలో అరిచారు వదినా. ఇది మాత్రం మా ఇంట్లోకొచ్చి చెవిలో చెప్తున్నారు."

అత్త బయటికొచ్చింది. సరిగ్గా ఆవేళ నిలబడ్డ చోటే నిలబడి, "ఆ పిల్ల తప్పేం లేదు! మా కోడి నా వల్లే పోయింది! అందరూ వినండి!" అని గొంతు చించుకుని అరిచింది. ఎన్ని కిటికీలు తెరుచుకున్నాయనుకున్నారు? ఒక్కటీ లేదు. ఇస్త్రీబండి ఆయన మాత్రం తలెత్తి చూసి మళ్లీ పెట్టె రుద్దుకున్నాడు.

మిషను వెనకనుంచి జడపిల్ల తువ్వాలు తల బయటపెట్టి, "పిల్లలో?" అంది. అత్త తల అడ్డంగా ఊపింది. ఆ తల మళ్లీ లోపలికి పోయింది.

మేస్త్రీని పిలవలేదు అత్త. తనే గునపం పట్టుకుని వాకిట్లో ఒక మూల సిమెంటు పగలగొట్టింది. చెయ్యి వేస్తానంటే నన్ను కసిరింది. ఆ గుంటలో ఎండు మట్టీ బూడిదా పోసి, రెండు కోడిపిల్లల్ని తెచ్చి వదిలింది. అవిప్పుడు పెట్టలయ్యాయి. పొర్లి పొర్లి ఆ దుమ్మంతా ఆరేసిన దుప్పట్ల మీద జల్లుతాయి. అత్త చూస్తూ ఊరుకుంటుంది. వాకిలంతా ఊడుస్తుంది గానీ ఆ మూలకి చీపురు పోదు.

రోజూ బడి వదిలే వేళకి గేటు బార్లా తెరిచిపెట్టి అరుగు మీద కూర్చుంటుంది. జడపిల్లకి జుట్టు మెడదాకా వచ్చింది. జడలకి చాలదు. అటుగా వెళ్తూ గేటు ముందు ఆగుతుంది. పెట్టలు మట్టిలో పొర్లుతుంటే చూస్తుంది, ఒక్కోసారి నవ్వుతుంది కూడా. అత్త "రామ్మా" అనబోయి నోరు కదుపుతుంది.

పెట్టలు వీధిలోకి వచ్చేస్తాయని జడపిల్లకి భయం కాబోలు. బయటినుంచే గేటు దగ్గరికి లాగి, గడియ జాగ్రత్తగా వేసి వెళ్లిపోతుంది.