బత్తాయి తోటలో పాయింటు

ఇంగ్లిషులో పాయింట్ అన్న మాటకు నిఘంటువులో పేజీ నిండా అర్థాలున్నాయి. చుక్క, మొన, మార్కు, వాదనలో అసలు సంగతి. ఊరి బడిలో అవన్నీ పిల్లలకు చెప్పేదాన్ని నేనే. మా నాయినకు మాత్రం ఒక్కటే అర్థం: బోరు వేయాల్సిన చోటు. నల్లగొండ దిక్కు ఏ రైతునడిగినా అదే చెబుతాడు.

తెలంగాణ వచ్చాక మోటారుకు కరెంటు కరువు తీరింది. నీళ్ల కరువే తీరలేదు. ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయి బత్తాయి చెట్ల ఆకులు ముడుచుకుంటుంటే, నాయిన మోత్కూర్ నుంచి పాయింట్ పెట్టే మనిషిని తెచ్చాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చెట్ల సాళ్ల మధ్య నడిచాడు. తోట నట్టనడుమ కాయ లేచి నిలబడింది.

"గీడనే పాయింటు" అన్నాడు. నాయిన అక్కడ రాయి పాతి పసుపు కుంకుమ పెట్టాడు.

నాకు ఒళ్లు మండింది. "గాడికి బోరుబండి ఎట్ల పోతది నాయినా? చెట్లు కొట్టాలె గద."

"కొడ్త. నీళ్లు పడితే మిగిలినయన్న బతుకుతయి."

"జర గట్టు కాడ చూడుమనరాదు?"

"నీకు ఇంగ్లిషు ఎర్క బిడ్డా, నీళ్లెర్కనా?"

కూలీలను పిలవలేదు. కాయలతో ఉన్న వరుసను తానే నరికాడు. అమ్మ పచ్చికాయలు కొంగులో ఏరుకుంది. ఆమె అలా ఏరుకోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

బండి వచ్చింది. పొద్దుగూకేదాకా రాతిపొడి లేచింది. తడి తగిలిందేమోనని నాయిన మాటిమాటికీ ఆ పొడిని పిడికిట్లో పట్టి చూశాడు. తగల్లేదు. "ఇంక దింపాల్నా?" అని డ్రైవర్ అడిగినప్పుడల్లా "దింపు" అన్నాడు. చివరికి డ్రైవరే రాడ్లు పైకి తీసి బండి తిప్పుకున్నాడు. తోటంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

మర్నాడు నాయిన అరుగు మీద కూర్చుని అడిగాడు. "గా పాయింటంటే అసలు ఏందే?"

తెలిసింది చెప్పాను. లాటిన్‌లో గుచ్చడం అనే మాట నుంచి పుట్టిందట, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు చేరిందట. మొదట్లో దానర్థం, గుచ్చితే పడే సన్నటి బెజ్జం.

"బెజ్జమేనా? బడిల పిల్లలకు పేజీ నిండ అర్థాలు చెప్తవు గద. నీళ్ల ముచ్చట యాడా లేదా?"

"లేదు నాయినా."

వానలు పడేలోపే మిగిలిన చెట్లూ ఎండిపోయాయి. ఇప్పుడు నాయిన పక్క ఊరి తోటలో బత్తాయిలు తెంపే కూలికి పోతున్నాడు. పని దిగేటప్పుడు అక్కడ కూలీలకు తలా నాలుగు కాయలు ఇస్తారు. నాయిన తీసుకోడు.