యామిని నోరు తెరిచిన రోజు

మా యామిని ఎల్‌కేజీ ముగిసే ముందు, ఒక పిల్లల కుర్చీలో కూర్చున్న చోటే నా పరువు ఎలా పోయిందో చెబుతాను. చదివి మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్ళంతా ఎలాగూ నవ్వేశారు.

మాది పుదుచ్చేరిలో తాతల కాలం నుంచి పాతుకుపోయిన తెలుగు కుటుంబం. లాస్‌పేటలో మా వీధంతా తమిళమే. తెలుగు మా ఇంటి గడప దాటదు. దాటితే దానికి ఒకటే ఉపయోగం, ఎదుటివాళ్ళకు తెలియకుండా మాట్లాడుకోవడం. తేంగాయితిట్టు రేవులో చేపలు కొనేటప్పుడు మా ఆవిడ కళావతి నవ్వుతూనే "మెత్తబడి ఉండాది, వద్దు, నడువు" అంటుంది. అమ్మేవాడు మా ముఖాలు చూస్తూ ఉండిపోతాడు. ఇది ఏనాడూ బెడిసికొట్టలేదు కనుక నాకు ధీమా ఎక్కువైంది.

యామిని మా అమ్మ ఒళ్ళో పెరిగింది. బడిలో చేరేనాటికి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. మొదటిరోజు గేటు దగ్గర నేను గొప్ప తండ్రిలా గొంతుక్కూర్చుని ఉపదేశం చేశాను.

"వాళ్ళ మాట బాగా వచ్చేదాకా బడిలో గమ్మునుండు పాపా. తప్పు మాట్లాడితే నవ్వతారు."

చిన్నప్పుడు నన్ను చూసి నవ్వారు లెండి, అందుకని. పిల్ల బుద్ధిగా తల ఊపి లోపలికి పోయింది. ఇంట్లో మాత్రం వసపిట్టే. ఎవరు ఏడ్చారు, ఎవరి డబ్బాలో ఏం తెచ్చారు, అన్నీ తెలుగులో ఏకరువు పెట్టేది. బడిలోనూ ఇంతే కాబోలనుకుని మేం నిశ్చింతగా ఉన్నాం.

ఏడాది చివర మిస్ పిలిపించింది. ఆ క్లాసులో పెద్దల కుర్చీ ఒక్కటే, అది మిస్‌ది. మేమిద్దరం పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నాం. యామిని మా మధ్య నిలబడింది. వెనక మరికొందరు తల్లిదండ్రులు తమ వంతు కోసం చూస్తున్నారు.

మిస్ తమిళంలో మెల్లగా మొదలుపెట్టింది. "పాప బాగా రాస్తుంది సార్. కానీ ఏడాదంతా ఒక్క మాట మాట్లాడలేదు. మేం చెప్పేది అర్థమవుతోందో లేదో కూడా తెలియడం లేదు. ఇంకో ఏడాది ఎల్‌కేజీలోనే ఉంచుదాం."

తోటిపిల్లలంతా యూకేజీకి పోతుంటే నా బిడ్డ ఒక్కతే ఇక్కడ మిగిలిపోతుందా అని బాధేసింది. నాకు బాధ కలిగితే అది కోపంగా మారుతుంది, కోపమేమో తెలుగులో వస్తుంది. ముఖం మీది చిరునవ్వు చెదరకుండా కళావతి వైపు తిరిగాను.

"ఈయమ్మ మొకం చూస్తే నాకే నోరెండిపోతాండాది. బిడ్డ యాడ మాట్లాడతాది?"

"సుమ్మా ఉండు" అని, ఊరికే ఉండమని కసిరింది కళావతి. కసిరిందే గానీ పెదవి కొరుక్కుంటోంది, నవ్వు ఆపుకోవడానికి. భార్య నవ్వబోతోందని తెలిశాక ఏ మగవాడైనా ఆగుతాడా, మీరే చెప్పండి.

"ఏంది సుమ్మా ఉండేది. ఎండబెట్టిన ఉప్పుచేప మాదిరి మొకం పెట్టుకుంటే పిల్లోళ్ళు జడుసుకోరా."

"సార్ ఏమంటున్నారు?" అని అడిగింది మిస్.

"పిల్లల్ని మీరు ఎంతో ఓపిగ్గా చూసుకుంటారని చెబుతున్నా మిస్" అన్నాను తమిళంలో, చేతులు కట్టుకుని.

అప్పుడు నా మోచేతి పక్కనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇల్ల మిస్. అప్పా అప్పిడి సొల్లల."

నాన్న అలా అనలేదట. ఏమన్నాడో కూడా చెప్పింది. మిస్ ముఖం, ఎండిపోయిన నా నోరు, ఒక్క ముక్క వదలకుండా చక్కటి తమిళంలో అప్పజెప్పింది. ఉప్పుచేప రాకముందే పిల్ల నోరు మూయాలని లేవబోయాను. కుర్చీ కూడా నాతోపాటే లేచింది. ఉప్పుచేప వచ్చేసింది. వెనకనున్నవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంత బాగా మాట్లాడతావే, ఇన్నాళ్ళు ఏంది పాపా గమ్మునున్నావు?" అన్నాను నీరసంగా.

"బాగా వచ్చేదాకా గమ్మునుండమంటివి గదా నాయనా. ఇప్పుడొచ్చేసింది."

మిస్ ఆ మాటకు అర్థం అడిగింది. అదీ యామినే చెప్పింది. మిస్ నా వైపు చూసి తనూ నవ్వేసింది.

"నేను ఏడాదంతా కష్టపడినా నోరు తెరవలేదు. మీరు రెండు ముక్కల్లో తెరిపించారు. యూకేజీకి పంపిద్దాం సార్."

తల దించుకోవాలో, పిల్లను ఎత్తుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆ సిగ్గులో కూడా నాకు పట్టలేనంత సంతోషంగా ఉంది. గుమ్మం దాటుతుంటే మిస్ వెనకనుంచి పిలిచింది.

"సార్, వచ్చే ఏడాది యూకేజీకి నన్నే వేశారు. కొంచెం ఈ ముఖానికి అలవాటు పడండి."

ఆ సాయంత్రమే దీపం ముందు నిలబడి గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట మనిషి ఎదుట ఉండగా ఆ మనిషి గురించి ఏ భాషలోనూ నోరు జారను. మరీ తప్పకపోతే కళావతికి కళ్ళతో సైగ చేస్తాను. అది కూడా యామిని అటు తిరిగాకే.