గిటారుకి కొబ్బరినూనె

రాజోలు బస్సులో నా ఒళ్లో పాప, కాళ్ల మధ్య మా ఆయన ఎలక్ట్రిక్ గిటారు. జాగ్రత్తగా చూడమని చెప్పి గల్ఫ్ వెళ్లారు. ఈమధ్య తీగలు మూగబోతే, బాగుచేయించడానికి బయల్దేరాను.

చర్చిలో బేస్ గిటారు వాయిస్తానన్న పక్కసీటు పెద్దాయన, సంచీ తెరిపించి వాసన చూశారు.

“కొబ్బరినూనె రాసేరాండీ?”

“ఆయ్. తుప్పు పడతాయని, వారం వారం.”

“గిటారుకి తలంటేరన్నమాట!”

నాకు ఏడుపొచ్చింది. “పాడైపోయిందాండీ?”

“లేదమ్మా. తీగలు మార్పించి, రోజూ పొడిగుడ్డతో తుడవండి. ముట్టుకోకపోతేనే పాడవుద్ది.”

నా అలసట కనిపించిందేమో, దిగేదాకా గిటారు ఆయనే పట్టుకున్నారు.

ఇప్పుడు రోజూ పాపకి స్నానం చేయించాక, దాని పాత జుబ్బాతో కొత్త తీగలు తుడుస్తాను. నిన్న ఫోన్లో ఆ చప్పుడు విని, “ఎవరు వాయిస్తున్నారు?” అన్నారు మా ఆయన.

“తుడుస్తున్నానండీ,” అన్నాను. నూనె సంగతి ఇంకా చెప్పలేదు.