ఎవరూ కలపని మూడో గ్రహం

నేను దయ్యాల్ని నమ్మను. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇది చదివాక చాలామంది నన్ను తమ జట్టులో కలిపేసుకుంటారు. తూంకుంటలో మా ఇంటి పక్కనే చర్చి. దయ్యం పట్టిందని ప్రార్థనకు తీసుకొచ్చిన వాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ మనుషుల మీద జాలి కలిగేది గానీ, దయ్యం అంటే భయం ఎప్పుడూ కలగలేదు. ఇప్పుడూ లేదు. అయినా ఇది నాకు జరిగింది.

దూరంగా ఉన్న నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల బరువు కొలవడం నా చదువు. ఆ గ్రహాలు ఎవరికీ కనబడవు. కనబడనిదాన్ని తూకమేస్తావా అని మా చుట్టాలు నవ్వుతుంటారు. నవ్వనీ. చంటిపిల్లని రెండు చేతులతో పట్టుకుని గిరగిరా తిప్పే తల్లి, తను కూడా కాస్త వెనక్కి వాలుతుంది. ఎంత వాలుతోందో కొలిస్తే పిల్ల బరువు తెలుస్తుంది. నక్షత్రం కూడా అలాగే కొంచెం అటూ ఇటూ కదులుతుంది.

గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటితే వెలుగు కొద్దిగా తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూస్తే గ్రహం సైజు తెలుస్తుంది. బరువూ సైజూ రెండూ దొరికితే అది రాయో, నీళ్ళో, గాలో అంచనా వేయొచ్చు. ఒకే సైజు బస్తాలు రెండు లేపి చూస్తే ఏది ఊకో ఏది ఇసుకో చేతికే తెలిసిపోదూ! ఇందులో మంత్రాలేం లేవు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అసలు లెక్క మొదలుపెట్టే ముందు మన పనితనం పరీక్షిస్తారు. టీమ్‌లో ఒకరు నిజమైన కొలతల కాపీ తీసుకుని అందులో లేని గ్రహాల్ని కలుపుతారు. ఆ గ్రహం ఉండి ఉంటే నక్షత్రం ఎంత కదిలేదో, అంత కదలికని ప్రతి కొలతకీ చేరుస్తారు. ఎన్ని కలిపారో, ఎంత బరువున్నవో మనకి చెప్పరు. అన్నీ పట్టుకుంటేనే మన లెక్కకి విలువ. వాటిని మేం దొంగ గ్రహాలు అనేవాళ్ళం.

నాకోసం దొంగ గ్రహాల్ని కలిపింది సునీతక్క. గాజులరామారం నుంచి వచ్చేది, నాకు సీనియర్, పనిలో మహా నిక్కచ్చి మనిషి. ఆమె ఇచ్చిన ఫైలు ముందేసుకుని ఇంట్లోనే కూర్చుని లెక్కలు కట్టాను. మూడు గ్రహాలు దొరికాయి. రెండు బరువైనవి, ఇట్టే బయటపడ్డాయి. మూడోది చిన్నది. భూమికి కొన్ని రెట్ల బరువు, నెలకి కాస్త పైన ఒక చుట్టు. అక్క కావాలనే కష్టమైంది పెట్టిందనీ, నేను దాన్నీ పట్టేశాననీ మస్తు సంబరపడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం అక్క మా ఇంటికి భోజనానికి వచ్చింది. అమ్మ చర్చి నుంచి రాగానే కోడికూర చేసింది. తింటూ తింటూ నేను గొప్పగా చెప్పాను, "మూడూ దొరికినయక్కా" అని.

ఆమె చెయ్యి కంచంలోనే ఆగింది. "మూడేంది? నేను రెండే కలిపిన గదా."

మజాక్ అనుకున్నాను. కాదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చుంది. మూడో గ్రహం లెక్కని మొదటి నుంచి చివరిదాకా చూసింది. తర్వాత, "గిది నాది గాదు నిర్మలా" అంది.

అసలు కొలతలు తీసి చూశాం. మూడోది అందులో లేదు. ఉన్నా అంత చిన్న కదలిక ఆ పాత కొలతల్లో ఒంటరిగా పట్టుబడదు, దాని మీద ఇంకో అంత కలిస్తేనే బయటపడుతుంది. అక్క తన ప్రోగ్రామ్‌ని అవే అంకెలతో మళ్ళీ నడిపింది. వచ్చిన కొత్త ఫైల్లో రెండే ఉన్నాయి. పాత ఫైల్నీ కొత్త ఫైల్నీ పక్కపక్కన పెట్టి పోల్చాం. ప్రతి కొలతలోనూ కొంచెం తేడా. ఆ తేడాలన్నీ ఒక్క గ్రహం లాగినట్టే ఉన్నాయి. ఫైలు తయారయ్యాక దాన్ని ఎవరూ మార్చలేదని కంప్యూటర్ చెబుతోంది.

ఫైలు పాడైందని చాలామంది అన్నారు. పాడైతే ఎక్కడో నాలుగు అంకెలు చెదురుతాయి. వందల అంకెలు కలిసికట్టుగా ఒక గ్రహం బరువు చెప్పవు. బయట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, మిట్టమధ్యాహ్నం ఎండ, నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. దాన్ని భయమే అనాలి. ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా గైడ్ సార్‌కి ఫైలు మెయిల్ చేసి, ఇద్దరం వెళ్ళి చెప్పాం. ఆయన చెడ్డమనిషి కాదు. కానీ ఆయన కళ్ళు నా మీదే ఆగాయి. నేనే కలిపానని ఆయన నమ్మకం. "పొరపాటున వేరే ఫైలు వాడిన అని రెండు లైన్లు రాసియ్యమ్మా. ఇక్కడితోటి ఖతం చేద్దాం" అన్నారు. రాయకపోతే నా పీహెచ్‌డీ ముందుకు కదలదని విడిగా చెప్పక్కర్లేదు.

"జరగని పొరపాటు నేను రాయను సార్" అన్నాను.

అక్క తను రాసిస్తానంది, మూడోది తనే కలిపి మర్చిపోయానని. నాకు పిచ్చి కోపం వచ్చింది. నాకోసం అబద్ధం రాస్తే ఇగ నీతో మాట్లాడనని రోడ్డు మీదే అరిచాను. అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఇద్దరిలో ఎవరూ రాయలేదు.

ఇంట్లో అమ్మది ఇంకో బాధ. "ఒక్క సంతకమే గదా బిడ్డా. పెడితే నీ చదువు అయిపోతది" అని రోజూ మొత్తుకునేది. చర్చి నుంచి సిస్టర్లని పిలిపించి ప్రార్థన చేయించింది. వాళ్ళలో ఒకామె నా లాప్‌టాప్ మూత మీద నూనె రాసింది. అమ్మ మొహం చూసి ఊరుకున్నాను. ఆ జిడ్డు వదలడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఫైలు మాత్రం అలాగే ఉంది.

కొన్ని నెలల తర్వాత షామీర్‌పేట నుంచి బస్సులో వస్తుంటే ఫోన్‌లో ఒక వార్త చూశాను. వేరే దేశం టీమ్ అదే నక్షత్రం వెలుగు తగ్గడం గమనించింది. కొత్త గ్రహం. ఒక చుట్టుకి పట్టే కాలం నా మూడో గ్రహానిదే. నా లెక్క ప్రకారం అది ఎప్పుడు నక్షత్రం ముందుకి రావాలో అప్పుడే వచ్చింది. నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది, చూసుకోలేదు.

నిన్నటిదాకా దొంగ లెక్క అన్నవాళ్ళు, ఇప్పుడు ఆ విదేశీ టీమ్ డేటా దొంగిలించానన్నారు. అదీ కుదరలేదు పాపం. మా ఫైలు సార్ మెయిల్‌కి చేరే నాటికి ఆ టీమ్ టెలిస్కోప్ ఇంకా ఆకాశంలో ఆ వైపు తిరగనే లేదు. సార్ నన్ను పిలిచి, ఈసారి చాలా మెత్తగా, "మనమే ముందు కనుక్కున్నామని రాద్దామా?" అన్నారు.

"యాడ కనుక్కున్నం సార్? అసలు కొలతల్ల లేనే లేదు గదా" అన్నాను. మర్యాద తప్పి మా ఇంటి భాషే వచ్చేసింది.

తర్వాత ఆ నక్షత్రానికి ఇంకా నాణ్యమైన కొలతలు వచ్చాయి. నేను మళ్ళీ మొదటి నుంచీ, నిజమైన కొలతల మీదే లెక్క కట్టాను. మూడో గ్రహం ఉంది. బరువు ఆ రెండు ఫైళ్ళ తేడా చెప్పిన బరువే. సైజుతో కలిపి చూస్తే ఒట్టి రాయి కాదు, అంత బరువు లేదు. లోపల చాలా నీళ్ళు ఉండొచ్చు. ఆ ఫలితం కింద నా పేరు ధైర్యంగా పెట్టుకున్నాను. అది నా కష్టం.

థీసిస్‌లో ఆ ఫైలు గురించి ఒక పేరా రాశాను. జరిగింది జరిగినట్టు, ఒక్క విశేషణం లేకుండా. కమిటీ దాన్ని తీసెయ్యమంది.

"ఇది ఎట్లా వచ్చింది?" అని ఒకాయన అడిగారు.

"తెలియదు సార్."

"తెలియనిది ఎందుకు రాసినవ్?"

"అయింది గాబట్టి."

ఆ పేరా తీసెయ్యనన్నాను. థీసిస్ ఆగిపోయింది.

ఇప్పుడు మేడ్చల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఇది దేవుడి పని అంటుంది అమ్మ. ఆమెకి ఆ మాట చాలు, నాకు చాలదు. దయ్యం అంటారా, గ్రహాల బరువు తెలిసిన దయ్యాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. మనిషే చేశాడంటారా, అప్పటికి భూమ్మీద ఎవరికీ తెలియని బరువు ఆ మనిషికి ఎలా తెలిసింది? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కరు కూడా సరైన జవాబు ఇవ్వలేదు. నా దగ్గరా లేదు.

మొన్న సార్ మళ్ళీ ఫోన్ చేశారు. రిటైర్ అయ్యేలోగా నా పేరు ముందు డాక్టర్ అని చూడాలని ఉందట. నాకు బాధేసింది. ఆ పేరా తీసేశావా అమ్మా అని అడిగారు.

లేదు సార్ అన్నాను.