ఊరికే ఇచ్చే టైర్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు కానీ, తెలివి మాత్రం అప్పటికే పండిపోయిందని గట్టి నమ్మకం ఉండేది. ఇరవై ఆరేళ్ళు. పగలంతా ఆటోనగర్‌లో నాన్న షాపులో ఉండేవాణ్ణి, మిగతా టైమంతా కంప్యూటర్ ముందు. మా షాపు గురించి కాస్త చెప్పాలి. అరిగిపోయిన లారీ టైరుకి కొత్త రబ్బరు తొడిగి మళ్ళీ రోడ్డు మీదికి తోలడం నాన్న వృత్తి. ఒక్కో టైరుకి రెండు మూడు జన్మలు. ఆ జన్మలన్నీ అయిపోయాక కూడా దానికి విముక్తి ఉండేది కాదు. మా పెరట్లో బంతిమొక్కల చుట్టూ కంచెగానో, నీళ్ళ డ్రమ్ము కింద పీటగానో పడి ఉండాల్సిందే. నాన్న స్కూటర్ టైర్లు నున్నగా గుండు కొట్టించుకున్నట్టుండేవి. అమ్మ వెనక కూర్చోవడానికి భయపడితే, "లోపల నూలు కనపడిందా? లేదుగా! ఇంకా నడుస్తాయి" అనేవాడు. మంచి చెడ్డలు తెలియకముందే నాకు తెలిసిన సిద్ధాంతం అదే.

ఇలాంటి ఇంట్లో పుట్టిన నేను కారు రేసుల ఆటలో పడ్డాను. మామూలు రేసు కాదు, ఆరు గంటల రేసు. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పెద్దమనుషులు ఆదివారం పూట తెర మీద బొమ్మ కార్లని ఆరు గంటలపాటు గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య పిట్‌లోకి వచ్చి పెట్రోలు పోయించుకుని, టైర్లు మార్పించుకుని మళ్ళీ గుండ్రంగా తిప్పడానికి వెళ్తారు. (ఇందులో నవ్వడానికేమీ లేదని అప్పట్లో నేను చాలామందితో దెబ్బలాడాను.) మెత్త టైర్లు వేస్తే కారు దూసుకుపోతుంది కానీ త్వరగా అరుగుతాయి, గట్టి టైర్లు మన్నుతాయి కానీ కారు బద్ధకిస్తుంది. ఎప్పుడు ఏవి వెయ్యాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే అసలు విద్య అని నా వాదన. మా జట్టులో ఇద్దరమే. నేనూ, మా చెల్లి బుజ్జీ. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, ప్రతి చుట్టులోనూ నాకంటే రెండు సెకన్లు ముందుండేది. అందుకని నన్ను నేనే వ్యూహకర్తగా నియమించుకున్నాను. వ్యూహకర్త అంటే స్టీరింగ్ ముట్టుకోనివ్వకూడని వాడికిచ్చే గౌరవ పదవి. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు. ఒక పొడుగు నోటుబుక్కు, మూడు రంగుల పెన్నులు, ఒక కాలిక్యులేటరు. బుజ్జి ఏదైనా చెప్పబోతే, "డ్రైవింగ్ నీది, బుర్ర నాది" అనేవాణ్ణి. ఇప్పుడీ మాట రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆ ఆదివారం సీజన్‌లో ఆఖరి రేసు. ఇందులో మొదటి అయిదు స్థానాల్లో వచ్చినవాళ్ళు పై డివిజన్‌కి వెళ్తారు. బుజ్జికి పుణెలో ఉద్యోగం వచ్చింది, మంగళవారం రైలు. "పై డివిజన్‌కి వెళ్తే అక్కణ్ణుంచి కూడా ఆడతాను అన్నయ్యా. లేకపోతే కొత్త ఉద్యోగంలో ఇదంతా మళ్ళీ మొదట్నుంచి నా వల్ల కాదు, ఇదే ఆఖరు" అంది. ఏడాదిపాటు ఆ స్థానం కోసం అది ఎంత కష్టపడిందో నాకు తెలుసు. అంటే, నోటుబుక్కులో రాసుకున్నాను.

రేసు పొద్దున ఎనిమిదికి మొదలు. అమ్మ ముందే తేల్చి చెప్పేసింది: "మీ రేసులతో నాకు పనిలేదు. ఒకళ్ళు మొదటి ఆరాధనకి, ఒకళ్ళు రెండో ఆరాధనకి. మందిరానికి రానివాళ్ళకి మధ్యాహ్నం మటన్ లేదు." ప్రపంచంలో ఎన్ని జట్లున్నా, చర్చి టైములని బట్టి డ్రైవర్లని మార్చుకునే జట్టు మాదొక్కటే అయ్యుంటుంది. బుజ్జి అమ్మతో మొదటి ఆరాధనకి వెళ్ళింది, నేను కంప్యూటర్‌కి తగిలించిన స్టీరింగ్ పట్టుకున్నాను. పదింటికి అది రావాలి, నేను దిగాలి. కానీ ఆ రోజు వాక్యం చెప్పడానికి ఏలూరు నుంచి ఎవరో దైవసేవకుడు వచ్చారట. "ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను" అని ఆయన అయిదుసార్లు అన్నారట. బుజ్జి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పదిన్నర దాటింది, నేను తొమ్మిదో స్థానం నుంచి ఇరవై ఒకటో స్థానానికి దిగజారాను. "ఏం చేశావ్ అన్నయ్యా!" అంది చున్నీ నడుముకి చుట్టి కూర్చుంటూ. "టైర్లు కాపాడాను" అన్నాను.

నేను రెండో ఆరాధనలో వెనక బల్ల మీద కూర్చుని, పాటల పుస్తకం చాటున ఫోన్లో స్థానాలు చూసుకుంటున్నాను. పదహారు. పదకొండు. ఎనిమిది. అదే దైవసేవకుడు చేతులెత్తి, "పాతవాటిని పట్టుకుని వేళ్ళాడకండి! కొత్తవి మీకు ఉచితంగా ఇస్తానంటుంటే తీసుకోరేం?" అని గద్దించారు. నేనందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను. అమ్మకి తర్వాత ఎవరో చెప్తే ఎంత మురిసిపోయిందో!

ఇంటికొచ్చేసరికి బుజ్జి నాలుగో స్థానంలో ఉంది. నేనక్కడితో నోరు మూసుకుని మటన్ తినుంటే చరిత్ర వేరేగా ఉండేది. కానీ వ్యూహకర్తని కదా, కుర్చీ లాక్కుని కీబోర్డు చేతిలోకి తీసుకున్నాను. పిట్‌లో ఏం చెయ్యాలో ముందే టిక్కులు పెట్టడం నా పని. ఇంకో గంట రేసుంది, అదే ఆఖరి పిట్. "టైర్లు మార్చెయ్ అన్నయ్యా, మెత్తవి వెయ్. మిగతాది నేను చూసుకుంటా" అంది. సరే సరే అన్నాను. తెర మీద చూస్తే పాత టైర్లలో ఇంకా ముప్పై అయిదు శాతం ఉంది. ముప్పై అయిదు! మా షాపుకి అలాంటి టైరు తెస్తే నాన్న తెచ్చినవాణ్ణి కొట్టి పంపిస్తాడు. వాటిని తీసి అవతల పారెయ్యాలంటే నా చెయ్యి రాలేదు. పైగా మారిస్తే ఇరవై సెకన్లు పోతాయని నాకు నేను సర్దిచెప్పుకుని, టిక్కు తీసేశాను. దానికి చెప్పలేదు.

పిట్‌లోంచి బయటికొచ్చిన మొదటి మలుపులోనే దానికి తెలిసిపోయింది. "టైర్లు మార్చలేదా?" అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

"అక్కర్లేదు. లెక్క వేశాను."

"నేను అడిగాను కదా! నువ్వు సరే అన్నావు కదా!"

"ఇంకా నడుస్తాయి బుజ్జీ."

ఆ ఇరవై సెకన్ల పుణ్యమా అని మూడో స్థానంలోకి వచ్చాం, నేను నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో మూడు గీతలు గీశాను. ఆ తర్వాత ఒక్కో చుట్టూ ఒక్కో గండమైంది. "అన్నయ్యా, వెనక జారుతోంది" అంది. ఓర్చుకో అన్నాను. నాలుగు. "అన్నయ్యా, వెనక బాగా జారుతోంది." మెల్లగా తోలమన్నాను. అయిదు. నుదుటి మీద చెమట కళ్ళల్లోకి దిగుతుంటే తుడుచుకోవడానికి కూడా స్టీరింగ్ వదలడం లేదు. ఆఖరి చుట్టు, ఆఖరి మలుపు. వెనక టైరు ఢామ్మని పేలింది. కారు గోడకి రాసుకుంటూ, మూడు చక్రాల మీద ఈడ్చుకుంటూ గీత దాటింది. ఆరో స్థానం.

బుజ్జి స్టీరింగ్ వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నాన్న ఎప్పుడొచ్చాడో, అన్నం కంచంతో గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. నలభై ఏళ్ళుగా అరిగిన టైర్లతోనే బతికిన మనిషి, నా బాధ ఈయనకైనా అర్థమవుతుందనుకున్నాను.

"ఒరేయ్, ఆ ఆటలో కొత్త టైర్లు ఎంతకిస్తారు?"

"ఊరికే ఇస్తారు నాన్నా."

"ఊరికేనా?"

"ఊరికే."

నాన్న ముద్ద కలపడం ఆపేశాడు. "ఊరికే ఇస్తుంటే మార్చుకోకపోవడానికి ఏం రోగం రా సన్నాసీ! డబ్బుల్లేక నేను అరగదీశాను. నీకేమైంది?"

మంగళవారం స్టేషన్లో రైలు కదిలేముందు బుజ్జికి నా నోటుబుక్కు ఇచ్చి, నవ్వుతుందేమోనని చూశాను. "నాకెందుకు, నీ దగ్గరే ఉంచుకో అన్నయ్యా" అని తిరిగిచ్చేసింది. ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఆడలేదు. స్టీరింగ్ ఇప్పటికీ బీరువా మీద పాత దుప్పటి కప్పుకుని ఉంది.

పోయిన నెల సెలవు మీద వచ్చింది. బెంజ్ సర్కిల్‌కి నా బండి మీద తీసుకెళ్తున్నాను, పొద్దున చినుకులు పడి రోడ్డు తడిగా ఉంది. మలుపు తిరుగుతుంటే వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "అన్నయ్యా, వెనక జారుతోంది" అంది.

"ఇంకా నడు..." అని నాలుక కరుచుకున్నాను. అద్దంలో చూస్తే అది నన్నే చూస్తోంది. ఇన్నేళ్ళకి మొదటిసారి దాని మాట విని, బండి పక్కకి తీసి ఆపాను. వెనక టైరు చూస్తే నూలు కనపడుతోంది. దగ్గర్లో ఉన్న టైర్ల షాపులో మెకానిక్ కొత్త టైరు ఎక్కించి, పాతది అవతల పడెయ్యమంటారా అని అడిగాడు. బుజ్జి నావైపు చూసింది, నేను దానివైపు చూశాను. ఇంటికొచ్చేటప్పుడు వెనక సీట్లో పాత టైరు మెళ్ళో వేసుకుని కూర్చుని, దారి పొడుగునా పడీపడీ నవ్వుతూనే ఉంది.